రెండు మూరల జానెడు ఇంజను

గా దినాలల్ల మా ఆర్మూరు దిక్కు మొగోళ్లకు రెండే పనులు. పసుపు అమ్మనీకి పోయి, రేటు పెరుగుతదేమోనని మార్కెట్ కాడ చాయ్ తాగుకుంట కూసునుడు ఒకటి. దుబాయికెళ్లి వచ్చినంక ఏదన్న ఒక ప్లాన్ ఏసుడు ఇంకొకటి. పని ఎవ్వలన్న చేస్తరు, ప్లాన్ ఏసుడే తెలివి అనుకునేటోళ్లు. ఆడోళ్లం మేము పసుపు తవ్వుతుంటిమి, ఉడకపెడుతుంటిమి, ఎండపోస్తుంటిమి, జర ఖాళీ దొరికితె చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చేస్తుంటిమి. మాకు ప్లాన్ ఏసే టైమ్ యాడిది? నేను చదువుకోలే. సంతకం ఒక్కటొస్తది, గది గూడ వంకరనే. నేను చెప్తుంటె మా కోడలు రాస్తుంది. (మామయ్య గురించి జర మంచిగ చెప్పు అత్తమ్మా అంటుంది. నువ్వు రాయి బిడ్డ, మంచి ఏమన్న దొరికితె ఆఖర్కి చెప్త.)

మా తల్లిగారి ఊరు భీమ్‌గల్ దాటినంక గుట్టలల్ల ఉంటది. బస్సు భీమ్‌గల్ దాకనే. ఆడికెళ్లి అన్ని బండలు, ఒక వాగు, మళ్ల బండలు. ఎడ్ల బండి గూడ ఇరుసు ఇరుగుతదని భయపడేటి తొవ్వ. పెండ్లి మాటలు నడిశిన దినం మా అవ్వ ఒక్కటే ముచ్చట అడిగింది. "అన్ని మంచిగనే ఉన్నయి గని, మా పిల్ల వచ్చుడు పోవుడు ఎట్ల?" అన్నది. పెండ్లికొడుకు మాట్లాడొద్దు, మా దిక్కు పద్ధతి గది. గని మా ఆయన నిలవడ్డడు. "అత్తా, నాకు జీపున్నది. నాలుగు గీరలు తిరిగే జీపు. బండల మీదికెళ్లి ఎక్కుతది, వాగులకెళ్లి దాటుతది. నీ బిడ్డను ముందు సీట్ల కూసోపెట్టి రాణి లెక్క తోల్కొస్త" అన్నడు. నేను తలుపు సాటుకెళ్లి ఇన్న. మొఖం సూడలే గని మాట ఇన్న. ముందు సీటు! మా ఊర్ల ఆడిదెవ్వలు ముందు సీట్ల కూసున్న పాపాన పోలే. ట్రాక్టర్ ట్రాలీల కూసున్నం, ఆటో ఎనుక యాలాడినం, పసుపు సంచుల మీద పడుకొని పోయినం. ముందు కూసునేటిది మొగోడు, లేకుంటె మేకపోతు. నేను గా సీటును సూసే ఒప్పుకున్న. నా సోపతి పిల్లలందరికి చెప్పిన, నాటు ఏసేటప్పుడు చెప్పిన, నీళ్ల కాడ చెప్పిన. ఇనని ఆమె లేదు.

పెండ్లికి జీపు రాలే. అద్దె వ్యాన్ వచ్చింది. "జీపు సర్వీసింగ్ల ఉన్నది" అన్నరు. పెర్కిట్ల అత్తగారింట్ల అడుగుపెట్టినంక సూసిన గా సర్వీసింగ్ ఏందో. రేకుల షెడ్డు కింద ముందటి మూత లేపి పెట్టిండ్రు, లోపట కోడి గుడ్లు పెట్టింది. పాత పెట్రోలు జీపు. స్టార్ట్ అయితది, కాదని గాదు. స్టార్ట్ చేస్తె హైవే దాక పోయేటిది, ఆడ దగ్గి పండేటిది, నలుగురు మొగోళ్లు నూకుకుంట ఇంటికి తెచ్చేటోళ్లు. అది తాగేటి పెట్రోలు ఖర్చుకంటె, గా నూకేటోళ్లకు రోజు కల్లు పోసినా తక్వనే అయితుండె. "మరి ఎట్ల?" అంటె, మా ఆయన మస్తు ధీమాగ చెప్పిండు. "ఇంజను మారుస్తున్నం. డీజిల్ ఇంజను, దానికి జోడి గేర్ బాక్స్. ప్లాన్ నడుస్తుంది."

గా ప్లానుకు పెద్దమనిషి మా ఆడిబిడ్డ మొగడు. అందరు పాన బావ అంటరు, ఎందుకంటె ఎనుక జేబుల ఎప్పటికి ఒక పాన ఉండేటిది. దావత్‌కు పోయినా పానతోనే పోయేటోడు. గా పానతోని ఒక్క బోల్టు ఇప్పంగ నేను సూడలే, ఈపు గోక్కునంగ మాత్రం శానసార్లు సూసిన. మా ఆయనేమో దుబాయిల గ్యారేజీల చేసిండట. చేసింది నిజమే. బండ్లు కడిగిండు. నీళ్ల పైపు పట్టుకొని బయటికెళ్లి సూసిన ఇంజను గురించి, లోపట పుట్టినట్టు చెప్పేటోడు.

ప్లాన్ యాడ గీసిండ్రో ఇనుండ్రి. నేను అలికిన వాకిట్ల! సుద్దతోని జీపు అంత జీపు గీసిండ్రు. ముందట రేడియేటర్, దాని ఎనుక ఇంజను, దాని ఎనుక పెద్ద గేర్ బాక్స్, అన్నిటి ఎనుక ఒక చిన్న గేర్ బాక్స్. గా చిన్నదే నాలుగు గీరలు తిప్పేటిదట, గది ఉన్న కాడ్నే ఉండాలె, కదపొద్దట. తెల్లారంగనే సాన్పి చల్లి ముగ్గేసుడు నా పని. బకెట్ పట్టుకొని పోతె మా ఆయన చేతులు అడ్డం పెట్టిండు. "ఓ పిల్ల, గేర్ బాక్స్ మీద పేడనీళ్లు పోస్తవా?" అన్నడు. ఇటు మా అత్త గడపల నిలవడి, "ఇంటి ముందట సాన్పి లేకుంటె లచ్చిమి రాదే, చల్లు" అంటది. కొడుకునేమో అనది, నన్నే అంటది. ఇగ నేను రోజు గా జీపు సుట్టు సాన్పి చల్లి, చిన్నచిన్న ముగ్గులు పెట్టేదాన్ని. బయటికెళ్లి సూస్తె ఎవ్వలకో మంత్రం పెట్టినట్టు కొడుతుండె. మా పక్కింటామె చింతపండు బదులు తీస్కపోనీకి వచ్చి, గేటు కాడికెళ్లే మర్రిపోయింది. మళ్ల బదులుకు రాలే. గా ప్లానుతోని అయిన లాభం గదొక్కటే.

ఇగ కొలత. రేడియేటర్ కాడికెళ్లి చిన్న గేర్ బాక్స్ దాక జీపుల ఎంత జాగున్నదో, కొత్త ఇంజను గేర్ బాక్స్ కలిపి అంతే పొడుగు ఉండాలె. బావ తాన టేపు ఉండె గని, దాని ముందటి కొస తెగిపోయింది. యాడికెళ్లి తెగిందో యాదిలేదట. "టేపుల మీద నమ్మకం లేదు బావమర్ది, చెయ్యి అబద్ధం చెప్పదు" అని జీపులకు వంగి మూరలు ఏసిండు. రెండు మూరల జానెడు. మా ఆయన నిజామాబాద్ల పాత సామాన్ల దుకాణంకు పోయి ఒక వ్యాన్ ఇంజను మీద చెయ్యి పెట్టి మూరలు ఏసిండు. రెండు మూరల జానెడు. ఇంటికొచ్చి సంబురపడి చెప్పుతుంటె, బావ పాన లేపి, "పెండ్లి జోడి లెక్క కుదిరిందిరా!" అన్నడు. ఇద్దరు కావలిచ్చుకున్నరు. కావలిచ్చుకున్నప్పుడన్న సూడొద్దా? పాన బావ తల మా ఆయన చంకల కాడికి వచ్చింది. మా ఆయన తలుపు దాటాలంటె నడుం వంచాలె, బావకు అంగి చేతులు ఎప్పటికి రెండు మడతలు. ఒకని మూర ఇంకొకని మూర ఎట్లయితది? (నేను గూడ సూడలే, ఎందుకు దాచాలె. పూలామెతోని "నీ చెయ్యి పొట్టిది, మూర చిన్నగ ఏస్తున్నవు" అని ఎప్పటికి కొట్లాడేదాన్నే. గని గా దినం నా మనసంత ముందు సీట్ల కూసొని ఉండె.)

అప్పటికి నా పెండ్లైనంక మొదటి బతుకమ్మ దగ్గరికొచ్చింది. మా అవ్వ కబురు చేసింది: "జీపుల వస్తరని ఊరంత తెలుసు. సద్దుల దినం వాగు కాడ నిలవడతం." ఊరంత! ఇగ నాకు అన్నం సయించలే. పీర్ల పండుగకు అయితదన్నరు, బోనాలకన్నరు, ఇగ బతుకమ్మ తప్పదన్నరు. ఇంజను ట్రాలీల వచ్చింది. మూడు కట్టెలు కట్టి, గొలుసు ఏసి, పాత ఇంజను పీకిండ్రు, కొత్తది లేపిండ్రు, దించిండ్రు. దిగలే. మళ్ల లేపి పక్కకు వంచి దించిండ్రు. దిగలే. ఎవ్వల మూర పొడుగో గప్పుడు తెలిసింది. ఒకర్నొకరు తిట్టుకున్నరు, చేతులు పక్కపక్కకు పెట్టి సూసుకున్నరు, మళ్ల చాయ్ తాగిండ్రు. తాగి, ఇంకో ప్లాన్ ఏసిండ్రు. చిన్న గేర్ బాక్స్ కదపొద్దన్నరు గదా, గిప్పుడు దాన్నే ఎనుకకు జరిపి, మొత్తం ఎనుకకు, జర ఎడమకు నూకి, కింద రేకు కోస్తె దిగుతదట. దిగింది గూడ. గని గేర్ రాడ్డు యాడ తేలిందో తెలుసా? ముందు ఎడమ సీటు ఉండేటి కాడ, సరిగ్గ నడుమల. బావ తొందర తొందరగ సీటు బోల్టులు ఇప్పి (గా పాన పని చేసుడు నేను సూసింది గదొక్కసారే), సీటు తీసి బయట పారేసిండు.

"అన్నా, మరి నేనేడ కూసోవాలె?" అన్న.

"చెల్లె, ఎనుక మస్తు జాగుంటది. రెండు పసుపు సంచులు ఏసి మెత్తగ చేస్తం."

నేను మా ఆయన దిక్కు సూసిన. "రాణి లెక్క అంటివి?"

"రాణులు ఎనుకనే కూసుంటరే" అన్నడు.

మా అత్త గూడ నవ్వింది. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి గని ఆళ్ల ముందట ఏడ్వలే. గిన్ని దినాలు ఇద్దరు మొగోళ్లు ప్లాన్ ఏసిండ్రు, బోల్టుకు జాగ సూసిండ్రు, గొట్టానికి జాగ సూసిండ్రు, కోడికి గూడ ఎనుక మూల జాగ ఇడిశిండ్రు. నాకు లేదు. "సంచుల మీద పోనీకి నేను పసుపును గాదు. నడిశి పోత" అన్న. గా పారేసిన సీటు ఎత్తుకొని ఇంట్ల గోడకానించి పెట్టిన, ఇది నాది అన్న.

సద్దుల దినం బస్సుకు పోయినం, భీమ్‌గల్ దాక. మా ఆయన ఎంబడి వచ్చిండు, బట్టల గంప నెత్తిన పెట్టుకొని. నేను ముందట, ఆయన ఎనుక. మాట్లాడొద్దనుకున్న. ఆయన ఊకుంటడా! పెద్ద బండ రాంగనే, "ఇగో, ఈడ ఫస్ట్ గేర్ పడాలె" అంటడు. నోటితోని ఇంజను మోగిస్తడు, ఎక్కుతడు. దిగేటి కాడ, "ఈడ బ్రేకు కొట్టొద్దు, గేర్ మీదనే దిగాలె" అంటడు. బండ బండకు గేర్ మార్చిండు. వాగు కాడికొచ్చినంక, "ఈడ నాలుగు గీరలు" అని నా చెయ్యి పట్టుకున్నడు. నీళ్లు మోకాళ్ల దాక ఉన్నయి. కోపం ఉండె గని చెయ్యి గుంజుకోలే, కాళ్లు జారుతున్నయి మరి. అవతలి ఒడ్డుకు ఊరంత నిలవడ్డది. నా సోపతి పిల్లలు కొత్త చీరలు కట్టి, మెడలు సాపి మా ఎనుక సూస్తుండ్రు. మా అవ్వ అడగనే అడిగింది. "జీపేదే బిడ్డ?"

నేను ఎనుకకు మలిగి సూసిన. నెత్తిన గంప, నిండ చెమట, లుంగీ నీళ్లల్ల తడిశి, పొగ రాకున్నా బుసబుస. "ఇగో అవ్వా, ఇదే. పెట్రోలు తాగదు. నూకకున్నా నడుస్తది" అన్న. ఊరంత నవ్వింది. అందరికంటె ముందు ఆయననే నవ్విండు. సిగ్గు శరం ఉంటే గదా!

జీపు ఏమైందంటరా? ఏమైతది, కదలలే. ఇంజను మోగేటిది, చిన్న గేర్ బాక్స్‌తోని కలవకపాయె. గా ఏడాది పసుపు ఉడకపెట్టి ఎండినంక, కొమ్ములకు నునుపు రానీకి డ్రమ్ముల ఏసి తిప్పేటప్పుడు, తిప్పే మనుషులు దొరకలే. అప్పుడు మా అత్త అన్నది: "గా ఇంజనునన్న తెచ్చి కట్టుండ్రిరా." కట్టిండ్రు. బావ సంబురంల టాప్ గేర్ ఏసిండు. డ్రమ్ము మూత ఊడి, పసుపు కొమ్ములు పక్కింటి రేకుల మీద వడగండ్ల లెక్క పడ్డయి. మంత్రమే అని గా పక్కింటామెకు గప్పుడు ఖాయమైంది. గని ఫస్ట్ గేర్ల మంచిగ తిరిగింది. మేము పసుపు పండించినన్ని ఏండ్లు తిరిగింది. మందివి గూడ తిప్పినం. ఎవ్వలన్న మెచ్చుకుంటె, "ముందుగాల్నుంచి ఇదే మా ప్లాన్" అనేటోడు మా ఆయన. నేను ఇంట్లకెళ్లి థూ అనేదాన్ని.

ఆయన కన్నుమూసే దాక అదే ప్లాన్ల పాట. దవాఖానల మంచం మీద గూడ, "వచ్చే పసుపుకు ఇంకో గేర్ బాక్స్ సూస్త, రాడ్డు కుడికి వస్తది, నీ సీటు నీకు బిగిస్త" అన్నడు. బిగించనీకి చేతుల బలం యాడున్నది! నేను సరే అన్న. అన్ని దినాలల్ల ఆయన ప్లానుకు నేను సరే అన్నది గదొక్కటే. (ఇగో, కోడలు కండ్లు తుడుసుకుంటుంది. రాయి బిడ్డ, మంచిది ఆఖర్కి చెప్త అన్న గదా, గంతే.)

జీపు డొక్కు పాత ఇనుము కింద పోయింది. సీటు పోనియ్యలే. కింద నాలుగు ఇటుకలు పెట్టి, పైన చినిగిన కాడ చీర ముక్క కుట్టి, ఇన్నేండ్ల సంది దాని మీదనే కూసొని బీడీలు చేసిన. గిప్పుడు గూడ దాని మీద కూసొనే చెప్తున్న. ముందు సీటు దొరికింది నాకు, జీపే దొరకలే. మా కోడలు ఒకసారి అడిగింది, "అత్తమ్మా, మోకాళ్లు నొస్తయి గదా, ఎందుకు ఎడమకు మలిపి కూసుంటవు, సాపుకొని కూసో" అని. గప్పుడు సూసుకున్న నన్ను నేను. ముసల్దాన్నైన, పిచ్చి పోలే. కుడిదిక్కు ఆయన గేర్ రాడ్డుకు జాగ ఇడిశి కూసుంటున్న.