కానుగ నూనె, ట్యాంకు అడుగు

2008 జూలైలో ఒక మధ్యాహ్నం, చండ్రుగొండ దాటాక అడవి అంచున ఉన్న ఒక పల్లెలో నాట్లకు మడి దమ్ము చేస్తున్న ట్రాక్టరు చప్పుడు ఉన్నట్టుండి దిగి, మళ్లీ లేచింది. అపాయం ఉందని నాకు తట్టింది ఆ క్షణంలోనే. ముందు, వానకు బడి లేక నాతో వచ్చి గట్టు మీద కూర్చున్న నా పిల్లలిద్దరినీ చూసుకున్నాను. తర్వాత సైలెన్సరు పొగ చూశాను. మూడో నిమిషంలో ఇంజిన్ ఆగిపోయింది.

అప్పట్లో నేను ఒక బయోడీజిల్ ప్రాజెక్టులో టెక్నికల్ అసిస్టెంటును. ఆ ఉద్యోగం మానేసి ఇప్పటికి ఏడాదయింది. అడవి పల్లెల ఆడవాళ్లు ఏరిన కానుగ గింజలను కొని నూనె ఆడించేవాళ్లం. ఆ నూనెను నేరుగా పోయకూడదు. మిథనాల్, కాస్టిక్ సోడా కలిపి, అడుగున చేరే గ్లిజరిన్‌ను తీసేసి, నీళ్లతో కడిగి ఆరబెడితే వచ్చేదే బయోడీజిల్. నాలుగు పాళ్ల డీజిల్‌కు ఒక పాలు కలిపి పాత ట్రాక్టర్లలో వాడి చూడడం నా పని. ఇంధనం వల్ల ఇంజిన్ ఆగితే ఆ ఊళ్లో ప్రయోగం నిలిపేసి ప్రాజెక్టు ఆఫీసరుకు రాసి పంపాలన్నది నియమం. నిలిపేస్తే గింజలు కొనడమూ ఆగుతుంది.

మహిళా సంఘం పెద్ద లచ్చమ్మ ఇంట్లో అప్పటికే పదకొండు బస్తాల గింజలున్నాయి. పొద్దున ట్యాంకులో నూనె పోస్తుంటే ఆమే నన్ను ఆటపట్టించింది. "గజ్జికి రాసుకునే నూనె ట్రాక్టరుకు పోస్తున్నవ్. దానికేమన్న గజ్జి లేసిందా బిడ్డా?" పొగ గారెలు వేగుతున్న వాసన వేస్తుంటే నాటుకు వచ్చిన ఆడవాళ్లంతా ఆకలేస్తోందని ఒకటే నవ్వులు.

ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. డ్రైవరు సమ్మయ్య బురదలోకి దిగాడు. "నేనేం జెప్పిన మేడం? దీపాల నూనెతోని దమ్ము అయితదా?"

లచ్చమ్మ నా మొహం చూసింది. "మరి మా గింజలేం గావాలె?"

డీజిల్ పంపు కింద మురికి దిగడానికి చిన్న గాజు గిన్నె ఉంటుంది. అందులో నల్లటి నలకలు. ఫిల్టరు విప్పితే తారు పట్టినట్టుంది. బయోడీజిల్‌కు ఒక గుణం ఉంది, పాత డీజిల్ వదిలిన జిడ్డును అది కరిగించి లాక్కొస్తుంది. అందుకే నా చెక్‌లిస్టులో మొదటి వరుస 'ట్యాంకు ఖాళీ చేసి కడగాలి' అని ఉంటుంది. దానికి నేను టిక్కు పెట్టాను కూడా. ముందురోజు సమ్మయ్య "అయింది మేడం" అన్నాడు. ట్యాంకు తళతళలాడుతూ పసుపు కుంకుమలతో కనబడింది. నేను గ్యాస్ కట్టేశానా అని మూడుసార్లు చూసే మనిషిని. ఆ ట్యాంకు లోపలికి మాత్రం ఒక్కసారీ చూడలేదు.

గట్టిగా అడిగితే చెప్పాడు. "ట్యాంకు ఎండితే బండికి అరిష్టం. మా అయ్య కాలం సంది అడుగు కనబడనియ్యలే. మీద మాత్రం మంచిగ కడిగిన."

"గట్లయితే మీ ఇంట్ల కూరకుండ గూడ మీద మీదనే కడుగుతవా?" అంది లచ్చమ్మ.

నేను రెండు స్టీలు గ్లాసులు తెప్పించాను. ఒకదాంట్లో డీజిల్, ఇంకోదాంట్లో ఏమీ కలపని బయోడీజిల్ పోసి, ట్యాంకు మూతి లోపల గీకిన నల్ల పెచ్చును రెండింట్లో వేశాను. పావుగంటలో పచ్చటి బయోడీజిల్ టీ రంగుకు తిరిగింది. డీజిల్‌లో పెచ్చు కదలనే లేదు.

సమ్మయ్య రెండు గ్లాసుల్లోకీ మార్చి మార్చి చూశాడు. ఆ తర్వాత తనే ట్యాంకు కింది బోల్టు విప్పాడు. నల్లటి మడ్డి బకెట్టు సగం వచ్చింది. దాంతోపాటే ఒక గుడ్డ పీలిక. దాన్ని విదిలించి చూసి, "అరె, గిది మా అయ్య తువ్వాల!" అన్నాడు. ఆడవాళ్లు గట్టు మీద కూలబడి నవ్వారు. "ఎండబెట్టి పెట్టెల దాసుకో," అని లచ్చమ్మ.

ట్యాంకు కడిగి, కొత్త ఫిల్టరు వేసి, డీజిల్ పంపుకు ఉండే చిన్న చేతిపంపు కొడుతూ బుడగలు ఆగేదాకా లైనులో గాలి తీశాను. నాలుగు గంటలకు ఇంజిన్ అందుకుంది. మళ్లీ గారెల వాసన. పిల్లలు చప్పట్లు కొట్టారు. చీకటి పడకముందే ఆ మడి దమ్ము పూర్తయింది.

ఇంధనం వల్ల ఆగలేదనీ, తనిఖీ చేయకుండా నేను టిక్కు పెట్టడం వల్ల ఆగిందనీ ఆఫీసరుకు రాశాను. నాకు మెమో వచ్చింది. ప్రయోగం మాత్రం ఆగలేదు. లచ్చమ్మ బస్తాలు పదకొండూ తూకానికి వచ్చాయి. పాత యంత్రంలో కొత్త ఇంధనం పోసేముందు ట్యాంకు అడుగు కళ్లతో చూడాలి, చేతిలో రెండు ఫిల్టర్లు ఉండాలి. నేను నేర్చుకున్నది ఇదే.

ట్రాక్టరు ఆగిన మర్నాడూ వానకు బడి లేదు. పాలు తాగుతూ పాప అడిగింది, నూనె మంచిది కాదా అని.

"నూనె మంచిదే. కడిగామని చెబితే అమ్మ చూడకుండా నమ్మింది, తప్పు అమ్మదే," అని చెప్పాను. "ఇవాళ ఇంకో ట్రాక్టరుకు పోయాలి. జల్దీ తాగండి, ముందు దాని అడుగు చూసొద్దాం."