లేని కొండని ఎత్తుకు తిరిగిన పిల్ల

వాన వెలిశాక తడి ఎర్రమట్టి మీద హాకీ బంతి దొర్లితే మెత్తగా ఒక చప్పుడు వస్తుంది. పెదబయలులో నేను పిల్లలకు ఆట నేర్పే మైదానంలో ఇవాళ పొద్దున ఆ చప్పుడు వినగానే రూతమ్మ టీచర్ గుర్తొచ్చారు. హుకుంపేట దగ్గర మా ఆశ్రమ పాఠశాలలో ఆవిడ ఆటల టీచర్. విజయనగరం వైపు మనిషి, ఆడపిల్లల్ని గుంట అనే పిలిచేవారు. చీర కొంగు నడుముకు దోపి, మెడలో సిలువ పక్కనే విజిల్ వేలాడేసుకునేవారు. ఆదివారం చర్చిలో ఎంత మెల్లగా పాడేవారో, సోమవారం మైదానంలో అంత గట్టిగా తిట్టేవారు. ఆ తిట్ల కోసమే కొందరం కావాలని ఆలస్యంగా వెళ్లేవాళ్లం.

నేను ఫార్వర్డ్‌ని. ఎడమ, కుడి, నడుమ, ఎక్కడ నిలబెట్టినా ఆడేదాన్ని. చిక్కల్లా ఒక్కటే, నాకు నిలకడ లేదు. ఒక మ్యాచ్‌లో నన్ను భుజాల మీద ఎత్తుకునేవారు. మరో మ్యాచ్‌లో బంతిని చక్కగా తీసుకెళ్లి ఎదుటివాళ్లకు అప్పగించి వచ్చేదాన్ని. మా జట్టుకు సరైన గోల్‌కీపర్ లేదు. అది తెలిసి సీలేరు కాలనీ బడి కోచ్ ఒకరోజు టీచర్ దగ్గరికొచ్చారు. రెండు బళ్లూ ఒప్పుకుంటే పిల్లల్ని మార్చుకోవచ్చు.

"మా గోల్‌కీపర్‌ని ఇస్తాను, కొండమ్మని మాకివ్వండి టీచర్‌గారూ. ఎక్కడైనా ఆడుతుందని అడుగుతున్నాను. అన్నిసార్లూ ఆడదు కాబట్టి ఒక్కరినే ఇస్తున్నాను," అన్నారాయన.

"ఆలోసించి సెప్తాను బాబూ," అన్నారు టీచర్.

తలుపు వెనక నుంచి అంతా విన్నాను. టీచర్‌ని వదిలి వెళ్లడం నా వల్ల కాదు. నన్ను ఇచ్చేస్తారా అని అడిగే ధైర్యం లేక అన్నం మానేశాను. ఆవిడే పళ్లెం తెచ్చి ముందు పెట్టారు. "ఏటే గుంటా, కూడు మీద అలుగుతన్నావు? బేగి తిను. నీ ఆట ఎందుకు సెడతందో ముందు నాకు తెలియాల."

కొన్నాళ్లు గమనించాక ఆవిడకు తట్టింది. మా మైదానం పక్కనే పారే గెడ్డ వైపు వాలు. కొట్టిన బంతి ఎలాగూ కిందికి జారుతుంది కాబట్టి, మేమంతా కాస్త ఎగువకే గురిపెట్టేవాళ్లం. దగ్గరికి తోసేవాళ్లకు దానితో ఇబ్బంది లేదు. నాది దూరం కొట్టే చెయ్యి. బయటి ఊళ్ల చదును నేల మీద కూడా అలాగే కొట్టి, బంతిని పరాయివాళ్ల కాళ్ల దగ్గరికి పంపేదాన్ని. "ఓసి నీ! లేని కొండని ఎత్తుకు తిరుగుతన్నావే!" అని టీచర్ పడీపడీ నవ్వారు. కాఫీ గింజలు ఆరబోసే సిమెంటు కళ్లం ఖాళీ అయ్యాక, రోజూ సాయంత్రం అక్కడ నాచేత తిన్నగా కొట్టించారు. కళ్లం కాసే తాత కసురుకుంటే, చీపురు పట్టి ఆవిడే ఊడ్చి ఇచ్చేవారు.

తరవాత సీలేరులో మ్యాచ్. చదును మైదానం. సగం ఆట వరకు నా బంతి అనుకున్నచోటికే వెళ్లింది. అలసట వచ్చాక పాత అలవాటు తిరిగొచ్చింది. ఓడిపోయాం. నా మొదటి సగం ఆట చూసిన ఆ కోచ్ మళ్లీ వచ్చి, గోల్‌కీపర్‌తో పాటు వెనక ఆడే ఒక బ్యాక్‌ని కూడా ఇస్తానన్నారు. మా పిల్లలు నా వైపు చూడలేదు. నేనే టీచర్‌నైతే ఆ బేరానికి ఒప్పుకునేదాన్ని. టీచర్ కొంగుతో నా మొహం తుడుస్తూ, తలెత్తకుండానే జవాబిచ్చారు.

"వద్దు బాబూ. బాగా ఆడిననాటి గుంటని ఎవలైనా అడుగుతారు. ఆడనినాటి గుంట కూడా మాదే."

అందరి ముందూ భోరున ఏడ్చాను. గోల్‌కీపర్ లేక ఆ ఏడు ఇంకెన్ని ఓడిపోయినా, ఆవిడ ఆ బేరం సంగతి ఒక్కసారీ ఎత్తలేదు.

టీచర్ ఇప్పుడు లేరు. పిల్లల ఆట చెడినరోజు నాకు ముందు కోపమే వస్తుంది. ఆవిడంత మంచిదాన్ని కాను. ఆ కోపంతోనే విసవిసా వెళ్లి, తల వంచుకున్న పిల్ల పక్కన కూర్చుంటాను. "ఇయాళ కూడా నువ్వు మా గుంటవే," అంటాను. ఆట సంగతి ఆ తరవాతే.