చేప తినమన్నారు

దేముడమ్మ నోరు మంచిది కాదని రేవులో అందరూ అంటారు. ముప్పై ఏళ్లుగా ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకొని నౌపడ చుట్టుపక్కల ఊరూరా బేరాలాడిన నోరు మరి! ఆ రోజు మాత్రం ఆమె కొంగు ముడి వేస్తూ, విప్పుతూ నిలబడింది. ఆసుపత్రి బల్ల మీద మొగుడు దాలయ్య కాళ్లు చాపుకొని కూర్చున్నాడు. నర్సు పద్మకుమారి చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి, అలాగే ఉండిపోయింది.

గుండెపోటొచ్చి, స్టెంటు వేసి నెల్లాళ్లే అయింది. ఇప్పుడీ కాళ్లవాపు, ఆయాసం, పైగా మూడు కిలోలు బరువెక్కాడు. ఈసారి మనిషి దక్కడేమోనని దేముడమ్మ ప్రాణం కొట్టుకుపోతోంది.

ఉప్పు తగ్గించారా అని నర్సు అడిగేసరికి ఆమెకి రోషం పొడుచుకొచ్చింది.

"కూరలో రవ్వంత ఉప్పు ఎయ్యనేదు తల్లీ. సప్పిడి కూడని మావ కంచం తోసేత్తే, నానూ అదే తిన్నాను."

మరి ముద్దెలా దిగుతోందని పద్మకుమారి నిదానంగా కూపీ లాగింది. పొద్దున్న చద్దన్నంలోకి కాల్చిన ఎండుచేప, రాత్రికి ఎండుచేపల పులుసు. చేప గుండెకి మంచిదని మీరే కదా చెప్పారని దేముడమ్మ ఎదురడిగింది. గంపలో మేలైనవి అమ్మకుండా మొగుడి కోసం ఏరి దాచింది కూడాను. ఆ చేపల పొట్ట చీల్చి గుప్పిళ్లకొద్దీ ఉప్పు కూరింది తన చేతులే. అయినా ఆమె దృష్టిలో ఉప్పంటే డబ్బాలోది, ఎండుచేప అంటే చేపే.

పద్మకుమారి నవ్వలేదు. తప్పు తనదేనంది. నెల కిందట ఇంటికి పంపేటప్పుడు పచ్చిచేప అని విడమరచలేదు, చెప్పిందైనా దాలయ్య ఒక్కడికే. అతగాడు ఇంటికెళ్లి "సేప తినమన్నారు" అని రెండు ముక్కల్లో తేల్చేశాడు. ఇంట్లోవాళ్లకి నేర్పితేనే రోగి నిలదొక్కుకుంటాడని చదివి కూడా, వండే మనిషిని గుమ్మం బయట నిలబెట్టానని ఒప్పుకుంది.

డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, గుండెకి కొత్తగా దెబ్బేమీ తగల్లేదని చెప్పి, ఒంట్లో చేరిన నీరు దిగడానికి మాత్ర రాశాడు. దేముడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చేసింది. భయం దిగిపోయిన ఏడుపది.

ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే తూకం. కూతురు బుల్లమ్మ క్యాలెండరు మీద రాసేది. కూరలోకి పచ్చిచేప, చింతపండు, మిరియాలు. సాయంత్రం రోడ్డు మీద నడక, పక్కనే దేముడమ్మ. పది రోజుల్లో మూడు కిలోలూ దిగాయి.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు, పద్మకుమారి అలవాటు కొద్దీ దాలయ్య వైపే తిరిగింది. అతను లేచి తన కుర్చీలో భార్యను కూర్చోబెట్టాడు.

"నాకు సెప్తే మళ్లీ రెండు ముక్కలే మోస్తాను తల్లీ. వండేది ఇది. దీనికి సెప్పండి."

దేముడమ్మ సర్దుక్కూర్చుని గొంతు సవరించుకుంది.

"అయితే ఆవకాయలో ఉన్నదీ ఉప్పేనా తల్లీ?"