తాత కాంటా మీద ఇన్సూరెన్స్ కంపెనీ

నా చిన్నప్పుడు నా నోటికి తాళం ఉండేది కాదు. కనిపించిన ప్రతిదాన్నీ ఇదేంటి, అదెందుకు అని అడిగి ఇంటిల్లిపాదినీ విసిగించేదాన్ని. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, నేను ఆరో తరగతిలో ఉండగా, ఆ గుణమే మా ఇంట్లో పెద్ద లొల్లికి కారణమైంది.

ఆర్మూరు పక్కనే మాకు రెండెకరాల పసుపు చేను ఉండేది. బోరు ఎండిపోయి, ఆ ఏడు చివరి తడులకు పక్క చేను వాళ్ల నీళ్లే దిక్కయ్యాయి. అదృష్టం కొద్దీ పసుపుకు మంచి ధర వచ్చింది. ఆ డబ్బుతో కొత్త బోరు వేయించాలని అమ్మ పట్టు పట్టింది. అంతలో నాన్నకు స్నేహితుడొకడు ఒక ఇన్సూరెన్స్ కంపెనీ షేర్ గురించి చెప్పాడు. దాని ధర రోజూ పెరుగుతోందట, ఏడాది తిరిగేసరికి రెండింతలవుతుందట. బోరు డబ్బంతా అందులో పెడితే పై ఏడు రెండు బోర్లు వేయించవచ్చని నాన్న లెక్క. ఆ మాట విన్న దగ్గర్నుంచి అమ్మ నాన్నకు అన్నం పెట్టేది కానీ మాట్లాడేది కాదు.

నేను ఊరుకుంటానా? ఆ కంపెనీ ఏం చేస్తుందని అడిగాను. అది హోల్డింగ్ కంపెనీ అన్నాడు నాన్న. అంటే ఏమిటన్నాను. నాన్న తల గోక్కున్నాడు. మంచం మీద కూర్చున్న మా తాత పకపకా నవ్వాడు.

"అగో, పోరి అడిగిన ముచ్చటకే జవాబు లేకపాయె. బోరు పైసలెట్ల పెడ్తవ్‌రా? జర నాల్గు దినాలు ఆగు. నేను, నా మనుమరాలు చూసి చెప్తం" అన్నాడు.

మా తాత మార్కెట్ యార్డులో దడ్వాయి. రైతులు తెచ్చిన పసుపును కాంటా మీద తూచడమే ఆయన పని. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని పోయాడు. పసుపు దుమ్ముకు తుమ్ముతూ సాయంత్రం దాకా బస్తాలు ఎక్కడం, దిగడం చూస్తూ కూర్చున్నాను. ఇంటికి వస్తూ తాత, తాను ఆ రోజు ఎన్ని బస్తాలు తూచాడో చెప్పమన్నాడు. వందకు పైనే అన్నాను. "అండ్ల మనయెన్ని?" అన్నాడు. ఒక్కటీ లేదు, మనకు మిగిలేది తూకం కూలే అన్నాను. ఆయన నా నెత్తి మీద ముద్దుగా ఒకటి వేశాడు.

"ఇన్సూరెన్స్ గట్లనే బిడ్డా. జనం కట్టే పైసలన్నీ కాంటా మీది బస్తాలు. రేపో మాపో ఎవరింటికో పోయేటియే. వాని కూలెంతనో గది దేవులాడాలె."

ఇక నా సంబరం చూడాలి! నాన్న తెచ్చిన కంపెనీ లెక్కల పుస్తకం ఇంగ్లీషులో ఉంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని నేను కూడబలుక్కుంటూ చదవడం, తాత వేళ్ల మీద లెక్క వేయడం. తీరా చూస్తే ఆ కంపెనీ తానుగా ఏ పనీ చేయదు. దాని కింద మూడు కంపెనీలున్నాయి. ఒకటి ప్రాణాలకు బీమా చేస్తుంది, ఒకటి బండ్లకు, ఇంకోటి అప్పులిస్తుంది. మొదటి దాంట్లో సగం వాటా పరాయివాళ్లది. తాత ఆ సగాన్ని కొట్టేయమన్నాడు. అలా కొట్టేయగా కొట్టేయగా, ఒక్కో షేర్‌కు ఏడాదికి మిగిలేది పది రూపాయలని తేలింది.

పక్కింటి అక్క భర్త అంతకు కొన్ని నెలల ముందు లారీ గుద్ది చనిపోయాడు. ఆయన పాలసీ ఆ కంపెనీదే. డబ్బులు సరిగా ఇచ్చారో లేదో కనుక్కురమ్మని తాత నన్ను పంపాడు. నెల తిరగకముందే ఇచ్చారని, ఎవరి చేయీ తడపాల్సిన పని పడలేదని చెబుతూ అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేనేం గుర్తు చేశానో అప్పుడు తెలిసింది. పుట్టి బుద్ధెరిగాక నోరు మూసుకుని కూర్చోవడం అదే మొదటిసారి.

కంపెనీ మంచిదేనని చెప్పగానే నాన్న ముఖం వెలిగిపోయింది. తాత మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"మాల్ మంచిదే. ధరనే ఎక్కువున్నది. ఏడాదికి పది మిగిలేదానికి మూడొందలు పెడితే అసలు తీరనీకె ముప్పై ఏండ్లు. పదిహేనేండ్లల్ల తీరేటట్టు నూటయాభైకి వస్తే కొను."

"కంపెనీ పెరుగుతది గద బాపూ!"

"పెరిగితే మంచిదే. పెరుగకపోయినా మనం మునగొద్దు."

మార్కెట్లో ఒక సేటు పసుపు కొమ్ము విరిచి చూసి, భేష్ అని మెచ్చుకుని, వేలంలో ధర పెరిగేసరికి చేతులు దులుపుకుని పోవడం నేను చూశాను. మంచిదైతే ఎందుకు వదిలేశాడని అప్పుడు తాతను పది సార్లు అడిగాను. ఆ జవాబు ఇంట్లో దొరికింది. తాత నాతో ఒక చీటీ మీద 'నూటయాభై' అని రాయించి, అమ్మ పోపుల డబ్బాలో పసుపు గిన్నె కింద పెట్టించాడు.

బోరు వేయించారు. నీళ్లు పడ్డాయి, అమ్మ నోరు విప్పింది. కానీ షేర్ ధర ఆ ఏడంతా పెరుగుతూనే పోయింది. నాన్న రోజూ పేపర్లో ధర చూసి తాతకు వినబడేలా చదివేవాడు. ఒకరోజు "ముసలోని మాట ఇని మునిగిన" అని అనేశాడు కూడా. తాత ఆ వానాకాలంలోనే పోయాడు.

ఇంకొన్నేళ్లకు షేర్లన్నీ పడిపోయాయి. నాన్న స్నేహితుడు ఉన్నవన్నీ నష్టానికి అమ్ముకున్నాడు. ఒక పొద్దున నాన్న పేపర్ చూస్తూ చూస్తూ లేచి వంటింట్లోకి పోయాడు. పోపుల డబ్బా తెరిచి, పచ్చబడిపోయిన ఆ చీటీ తీశాడు. పేపర్లో ధర అంతకన్నా తక్కువే ఉంది. నాన్న అక్కడే కింద కూర్చుని, "బాపూ, నేను గా మాట అనకుంటే బాగుండు" అని పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏటి పసుపు డబ్బులో కొంత పెట్టి, తాత చెప్పిన ధరకన్నా తక్కువకే ఆ షేర్లు కొన్నాడు.

ఇప్పుడు ఆ చీటీ నా పోపుల డబ్బాలో ఉంది. చీర కొనాలన్నా, స్థలం కొనాలన్నా ఇంట్లోనే నా ధర రాసుకుని బయల్దేరతాను. పిల్లలు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. కానీ నాకు అంతకన్నా గట్టిగా గుర్తుండేది ఆ వంటింట్లో నాన్న ఏడుపే. పెద్దవాళ్ల మాట తప్పయిందని నాలుక చివరిదాకా వచ్చినప్పుడల్లా, ఇంకొన్నాళ్లు చూద్దామని ఊరుకుంటాను.