బరాత్ కారుకు గంజి మైనం

ఆ రోజుల్లో మనిషి గుణం కన్నా ముందు అతని బండి మెరుపు కనపడుతుందని నేను గట్టిగా నమ్మేవాడిని. ఇప్పుడూ చాలామంది నమ్ముతారు. కానీ ఆ నమ్మకానికి చేజేతులా మైనం పూసి ఎండలో ఆరబెట్టినవాళ్ళు తక్కువమంది ఉంటారు. వాళ్ళలో నేనొకడిని.

బొంబాయి పక్కన భీవండిలో, తెలంగాణ నుంచి వలసొచ్చిన నేతవాళ్ళుండే కామత్‌ఘర్ సందుల్లో మా ఇల్లు. పైన మేము, కింద నాన్న సాంచాల కార్ఖానా. (కరెంటు మగ్గాన్ని మావాళ్ళు సాంచా అంటారు. దాని చప్పుడు ఆగితేనే మా వీధిలో పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు.) సాంచాలు ఆడినంతసేపూ దూది నూగు గాలిలో తేలుతూనే ఉంటుంది. ఉదయం నల్లగా ఎగిరిన కాకి సాయంత్రానికి నెరిసిన జుట్టుతో తిరిగొచ్చే ఊరు మాది. చాయ్ మీద తేలేది మీగడ కాదని అందరికీ తెలుసు, అయినా ఊదుకుని తాగేస్తాం. అలాంటి ఊళ్ళో పుట్టి పెరిగి, కోరికోరి నల్ల కారు కొన్నాను. అదీ పాతది. అమ్మినాయన ఠాణేలో ఉండేవాడు. ఎక్కడికి తీసుకెళ్తున్నావని అడిగి, భీవండి అనగానే జాలిగా చూసి, తాళంచెవి నా చేతిలో పెట్టి తలుపేసుకున్నాడు.

కారు కొన్నది తిరగడానికి కాదు, బావకు చూపించడానికి. బావ అంటే మా అక్క మొగుడు. నాకన్నా చాలా పెద్దవాడు, మాకన్నా ఎక్కువ సాంచాలున్నవాడు. 'బామ్మర్ది' అనే మాటను ఆయన పలికితే, బట్ట కొనే సేటు తానులో పోగు తప్పిన చోటును వేలితో తడిమినట్టు ఉండేది. నా కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, బానెట్ మీద వేలితో గీత గీసి, ఆ వేలు నాకు చూపించి అడిగాడు. "ఏంది బామ్మర్ది, దూది దుకాణం పెడ్తున్నవా?"

ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది. దాన్ని తీసుకునే అవకాశం మేనకోడలి పెళ్ళి రూపంలో వచ్చింది. పిల్లాడిది మా ఊళ్ళోనే నాగావ్, వాళ్ళవీ సాంచాలే. పెళ్ళి వరాలా తలావ్ అనే చెరువు దగ్గర హాల్లో. పెళ్ళయ్యాక హాలు నుంచి అత్తవారింటి దాకా బరాత్. దానికి ఠాణే నుంచి తెల్లటి పొడుగు కారు కిరాయికి తెస్తానని బావ అన్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"మేనమామ బతికుండంగ కిరాయి బండెందుకు బావా?"

"నీ గాడీ బరాత్ నడుమల ఆగితె ఎవలు నూకాలె? నాతోనైతె గాదు."

"ఆగది."

"ఆగకపోతె మంచిదే. నాగావ్ దాంక పోతదని మాత్రం కాగితం రాసియ్యకు."

అక్క నవ్వింది. వంటింట్లోంచి అమ్మ కూడా నవ్వింది. నవ్వనిది మేనకోడలు ఒక్కతే. "బాపూ, నేను మామ కార్లనే పోత. కిరాయి బండి నాకొద్దు" అంది. తండ్రి మాటకు ఆమె అడ్డుచెప్పడం అదే మొదటిసారి. బావ చాయ్ కప్పు పక్కన పెట్టి, "సరే తీ. గాడీ మాత్రం మెర్వాలె. మా వియ్యపురాలు ఇజ్జత్ చూసే మనిషి. పిల్ల దిగంగనే ముందుగాల బండిని జూస్తది, గప్పుడు పిల్లను జూస్తది" అన్నాడు. మేనకోడలు నా వైపు చూసింది. ఆ చూపులో ఉన్నది నమ్మకం. నాకు మాత్రం బావ ఓడిపోయిన ముఖమే కనపడింది. ఆమె కోసమే ఇదంతా అని అందరితో చెప్పాను, నాతో నేను కూడా చెప్పుకున్నాను.

ఇక మెరుపు వేటలో పడ్డాను. ఫోన్‌లో వీడియోలు చూశాను. డబ్బాలో ముద్దగా ఉండే మైనం, సీసాలో పాలలా ఉండే మైనం, పిచికారీ కొట్టే మైనం అని రకాలున్నాయట. రంగును ఎండ నుంచి, వాన నుంచి, పిట్టల రెట్టల నుంచి కాపాడుతుందట. నీడలో, చల్లబడిన రేకు మీద, పలచగా పూయాలట. ఆరాక మెత్తటి గుడ్డతో తుడవాలట. వీధిలో కూడా సలహా అడిగాను. మా వీధిలో సలహా అడగడమంటే గింజలు చల్లి పావురాలను పిలవడమే. సెలూన్ అన్న కొబ్బరినూనె అన్నాడు. చెప్పుల దుకాణం అన్న నల్ల పాలిష్ చాలన్నాడు. ఎవరి దుకాణంలో ఏది మిగిలిపోతే నా కారుకు అదే మందు.

కల్యాణ్ రోడ్డులో విడిభాగాల దుకాణం వాడు ఒక డబ్బా తీసి ముందుపెట్టాడు. అమ్మ పసుపు డబ్బా అంత కూడా లేదు. "బ్రెజిల్ దేశంలో ఒక చెట్టుంటుంది, దాని ఆకుల మీది మైనం సేఠ్" అని హిందీలో భక్తిగా చెప్పాడు. ధర కూడా అంతే భక్తిగా చెప్పాడు. నాలో స్వదేశీ భావం పొంగింది. (పిసినారితనానికి మంచి పేరు కావలసి వచ్చినప్పుడు స్వదేశీ బాగా పనికొస్తుంది.) ఊరు ఊరంతా గంజి తొట్లలో మైనం ఉడుకుతుంటే బ్రెజిల్ ఆకుల దగ్గర చెయ్యి చాపడమా?

సంగతేమిటంటే, పడుగు నూలు సాంచా మీద తెగకుండా ఉండటానికి ముందు సైజింగ్‌లో గంజి పట్టిస్తారు. ఆ గంజిలో నునుపు కోసం మైనం కలుపుతారు. ఆ సైజింగ్‌లో మా నాన్న దోస్తు ఒకాయన ఉండేవాడు, అందరం గంజి మామ అనేవాళ్ళం. తెలియదు అనే మాట ఆయన నోట ఎవరూ విన్నది లేదు. విషయం చెప్పగానే ఆయన కళ్ళు మెరిశాయి.

"నూలుపోగునే నిగనిగలాడిస్తది, నీ రేకుదేం లెక్కరా. ఖాలీ మైనమైతె జారిపోతది. గంజి ఉంటెనే పట్టు. ఉడికిందే ఇస్త, తీస్కపో."

"పలచగ పుయ్యమంటున్రు మామా, వీడియోల."

"వాళ్ళు అమ్మెటోళ్ళు, పలచగనే అంటరు. మన చెయ్యి గట్ల గాదు గదా."

ఆ వాదన నాకు అద్భుతంగా అనిపించింది. ఇద్దరు మూర్ఖులు ఏకాభిప్రాయానికి వస్తే కలిగే ధైర్యం వేరు. ఒంటరి మూర్ఖుడికైతే కాస్త అనుమానం ఉంటుంది.

పెళ్ళికి ముందురోజు మా వీధికి వారపు కరెంటు సెలవు, మధ్యాహ్నం మూడింటి దాకా. సాంచాలన్నీ ఆగి ఉన్నాయి, గాలి గాజులా ఉంది. కారును కడిగి కార్ఖానా గోడ పక్కన మంచి ఎండలో నిలిపాను. డబ్బాలోని గంజి మైనాన్ని అమ్మ గిన్నెలో వేడిచేసి (ఆ గిన్నె తర్వాత మళ్ళీ వంటింట్లోకి రాలేదు) బానెట్ మీద, తలుపుల మీద, కప్పు మీద, రొట్టెకు వెన్న పూసినట్టు పూశాను. పూసింది పూసినట్టే మెరిసింది. నా ముఖం అందులో కనపడింది. బావ ముఖం కూడా అందులో వాడిపోయి కనపడ్డట్టే అనిపించింది. తుడవడం ఆరాక కదా అనుకుని, చేతులు కడుక్కుని, పైకెళ్ళి, పప్పుతో కడుపునిండా తిని నడుం వాల్చాను.

నిద్రలో చల్లగా గాలి తగిలింది. ఫ్యాన్ తిరుగుతోంది. కింద సాంచాలు ఆడుతున్నాయి, ఒకటి కాదు, వీధి మొత్తం. ఆ చప్పుడుకు నాకు ఇంకా హాయిగా నిద్ర పట్టింది. చిన్నప్పటి నుంచి నన్ను నిద్రపుచ్చిన చప్పుడు అది. ఫ్యాన్ తిరిగిందంటే కరెంటు వచ్చిందని, కరెంటు వచ్చిందంటే కార్ఖానా గోడలోని పెద్ద ఫ్యాను కూడా తిరుగుతుందని, అది లోపలి నూగునంతా తెచ్చి సరిగ్గా గోడ పక్కన నిలిపిన దాని మీద ఊదుతుందని పసిపిల్లవాడికి కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ పుట్టినప్పటి నుంచి పీల్చిన గాలిని ఎవడు లెక్కలోకి తీసుకుంటాడు?

కిందికి దిగేసరికి కారు లేదు. దాని స్థానంలో తెల్లటి బొచ్చుతో, అద్దాల కళ్ళతో, ఏదో పెద్ద జంతువు పడుకుని ఉంది. చేత్తో తుడిస్తే నూగు గడ్డలు కట్టింది. చన్నీళ్ళు పోస్తే గంజి సాగింది. వేడినీళ్ళు పోస్తే నూగును ఇంకా లోపలికి పీల్చుకుని, ఆరి, నాన్న గొంగడిలా బిగుసుకుంది. సరిగ్గా అప్పుడు బావ పెళ్ళి పనుల మీద బండెక్కి వచ్చాడు. దిగాడు. పాత అలవాటుగా బానెట్ మీద వేలితో గీత గీయబోయాడు, గీత పడలేదు.

"బామ్మర్ది, కారుకు స్వెటర్ అల్లినవా?" అన్నాడు. ఆ తర్వాత గొంతు మారింది. "ఇప్పుడెట్లరా? నేను కిరాయి బండి వద్దని చెప్పేసిన గదా. రేపు మూర్తాల రోజు, ఒక్క గాడీ ఖాళీ లేదు ఊళ్ళె."

అక్క వచ్చి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో తెలియలేదు. "తమ్మీ, దాని మొఖం జూడు" అని వెనక్కి చూపించింది. మేనకోడలు చేతుల నిండా మెహందీతో గడపలో నిలబడి ఉంది. కారును చూసింది, నన్ను చూసింది. "నేను జెప్పిన గదా, మామ కార్లనే పోత" అంది. కారు వైపు మాత్రం మళ్ళీ చూడలేదు. తండ్రితో పంతానికి అన్న మాట అది, వెనక్కి తీసుకోలేదు. రేపు అత్తవారి వాకిట్లో ఈ బొచ్చు జంతువులోంచి దిగాల్సింది తనే. నాకు అప్పుడు, చాలా ఆలస్యంగా, బావ ముఖం కాక ఆ పిల్ల ముఖం కనపడింది.

మర్నాడు పూలవాడు వచ్చాడు. ఉన్న పూలన్నీ కారుకే వేసెయ్యమన్నాను. దండ ఒకటి ఆనించి చూసి, "సేఠ్, టేపు అక్కర్లేదు, మీ గాడీయే పట్టుకుంటోంది" అని హిందీలో మెచ్చుకున్నాడు. ఎన్ని పూలు పెట్టినా మధ్యమధ్యలో బొచ్చు కనపడుతూనే ఉంది. పొద్దు వాలే వేళ బరాత్ కదిలింది. ముందు బ్యాండు, వెనక కుర్రాళ్ళ గంతులు, స్టీరింగ్ దగ్గర నేను, వెనక సీట్లో తలవంచుకుని మేనకోడలు, పక్కన కొత్త పెళ్ళికొడుకు. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు. అప్పగింతల నీళ్ళో నా కారు తెచ్చిన నీళ్ళో అడిగే ధైర్యం నాకు లేదు. పెళ్ళికొడుకు చిన్నాన్న అద్దం దగ్గరికి వంగి, "ఇదేం మోడల్ అన్నా? మఖ్మల్ గుడ్డ తొడిగించినవా?" అని అడిగాడు. నిజం చెప్పడానికి అది మంచి అవకాశం. "బొంబాయిల స్పెషల్‌గ చేయించిన" అన్నాను.

ఆ మాట పూర్తయ్యేలోపే మేకలు వచ్చాయి. మా ఊళ్ళో సందుకో మంద ఉంటుంది, గంజి వాసన వాటికి తెలియంది కాదు. మొదట ఒకటి వచ్చి తలుపు నాకింది. రుచి నచ్చి తోటివాళ్ళకు కబురు పంపినట్టుంది. కాసేపటికి బంతిపూలు తినేవి ఒకవైపు, మైనం నాకేవి ఒకవైపు, బరాత్‌లో మావాళ్ళకన్నా అవే ఎక్కువైపోయాయి. బ్యాండువాళ్ళు వాయించడం ఆపి నవ్వుతున్నారు. ఒక గడ్డం మేక ముందుకాళ్ళు తలుపు మీద వేసి, వెనక సీటు కిటికీలోంచి తల లోపలికి దూర్చి, పెళ్ళికూతురిని పలకరింపుగా చూసింది.

"హట్, హట్" అని ఎవరో అరుస్తున్నారు. చూస్తే బావ. పట్టు కండువా తీసి గాలిలో ఝాడిస్తూ, కారు చుట్టూ పరుగెడుతూ, చెమటలు కక్కుతూ మేకలను తోలుతున్నాడు. "దూరం జరుగున్రి. మా బామ్మర్ది గాడీ ఇది. మీ అయ్య జాగీరనుకున్నరా?" అని మేకలతో కొట్లాడుతున్నాడు. నేను ఎవరిని ఓడించడానికి ఇదంతా చేశానో, ఆ మనిషి నా కారు పరువు కోసం ఊరి నడిబజారులో మేకలతో యుద్ధం చేస్తున్నాడు. నాకు తల దించుకోవాలనిపించింది, కానీ బండి నడుపుతున్నాను కదా.

అప్పుడు వెనక సీట్లోంచి నవ్వు వినపడింది. మేనకోడలు మెహందీ చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక, వంగిపోయి నవ్వుతోంది. పెళ్ళికొడుకూ అందుకున్నాడు. అంతవరకూ ఇద్దరూ ఒకరినొకరు సరిగా చూసుకోనైనా లేదు.

నాగావ్ చేరాక వియ్యపురాలు హారతి పళ్ళెంతో వచ్చింది. బావ చెప్పినట్టే ముందు బండిని చూసింది. బానెట్ మీద వేలితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది సైజింగ్ గంజి గదా" అంది. సాంచాల ఇళ్ళవాళ్ళతో గంజి విషయంలో అబద్ధమాడటం కల్లు దుకాణంలో మజ్జిగ తాగానని చెప్పడం లాంటిది. చిన్నాన్న నా వైపు చూశాడు, నేను ఆకాశం వైపు చూశాను. "నూలుకు పెట్టంగ మిగిలితె బండికి పెట్టినం వదినా, మా ఇంట్ల ఏదీ ఖరాబు చెయ్యం" అని బావే అందుకున్నాడు. ఆమె పళ్ళెం పక్కకు పెట్టి మరీ నవ్వింది. "పోనీ తీ, పిల్ల నవ్వుకుంట వచ్చింది, గదే చాలు" అని హారతి ఇచ్చి లోపలికి తీసుకెళ్ళింది.

ఆ మైనాన్ని తర్వాత కిరసనాయిలుతో, గరిటెతో గీకితే నూగుతో పాటు రంగు కూడా వచ్చింది. ఏ రంగును కాపాడాలని పూశానో అది డబ్బాలోకి చేరి, కారు మచ్చల ఆవులా మిగిలింది. ఇప్పుడు నా దగ్గర ఉన్నది వేరే కారు, బూడిద రంగుది. దానికి బ్రెజిల్ డబ్బానే కొంటాను. కరెంటు సెలవు రోజున, నీడలో, పలచగా పూసి, ఆరగానే తుడిచేస్తాను. తుడిచేదాకా నిద్రపోను. బావకు ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు, ఆస్పత్రికి నా కారులోనే వస్తాడు. ఎక్కే ముందు ఇప్పటికీ బానెట్ మీద వేలితో గీత గీసి, ఆ వేలు వాసన చూస్తాడు.

మొన్న మేనకోడలి ఇంటికి వెళ్ళాను. ముందు గదిలో పెళ్ళి ఫోటో ఒక్కటే ఉంది. తలంబ్రాలది కాదు, స్టేజీ మీద అందరూ బిగుసుకుని నిలబడ్డదీ కాదు. కారు కిటికీలో మేక తల, దాని వెనక నవ్వుతో కళ్ళు మూసుకుపోయిన ఇద్దరు, బయట గాలిలో తేలుతున్న పట్టు కండువా కొన. నేను అందులో లేను. మూలన స్టీరింగ్ పక్కన నా మోచేయి మాత్రం పడింది. కొత్త కోటు వేసుకున్న చెయ్యి. దాని మీద కూడా దూది నూగు.