ఒక్క స్టాండు పాడైతే అన్నీ మార్చిన మా సుందరం బాబాయ్

నిన్న పొద్దున బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఉండగా తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, సుందరం బాబాయ్ పోయాడక్కా."

"నోర్ముయ్" అన్నాను. నిజంగా అదే అన్నాను. పచ్చ లైటు ఎప్పుడు పడిందో తెలీదు, వెనక ఒకటే హారన్లు.

నిద్రలోనే హార్ట్ ఎటాక్ అట. మొన్న ఆదివారం కూడా చర్చికొచ్చి, మైకుని వేళ్ళతో టకటకా కొట్టిన క్వైర్ అమ్మాయిని "అది తలుపు కాదమ్మా కొట్టడానికి" అని కసిరాడట. అలాంటి మనిషి ఇవాళ లేడంటే ఎలా నమ్మాలి?

ఫోటో పెడదామని చర్చి ఫోటోలన్నీ వెతికాను. ఎక్కడా లేడు. ఎప్పుడూ స్తంభం వెనక సౌండ్ మిక్సర్ దగ్గరే కదా ఉండేది! ఒకదాంట్లో మోచెయ్యి మాత్రం దొరికింది. అది పెడితే వాళ్ళావిడ కరుణ పిన్ని నన్ను చంపుతుంది.

తెలియనివాళ్ళకి చెప్తున్నాను. సుందరం బాబాయ్ మాకు రక్తసంబంధం కాదు. నాన్న స్నేహితుడు. పామర్రులో మోటార్ వైండింగ్ షాపు. ఆ పక్కనే మా ఊరు. మా చర్చి సౌండ్ సిస్టమ్ అంతా ఆయనే చూసేవాడు. చూడమని ఎవరూ అడగలేదు, తీసెయ్యడానికి ఎవరికీ ధైర్యం లేదు.

ఇవాళ చెప్పాల్సింది ఒకటుంది. ఇన్నాళ్ళూ బాబాయ్ చెప్పనివ్వలేదు.

మా చర్చిలో గుడ్ ఫ్రైడే రోజు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. ఐదో మాట మా నాన్నది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయనదే. రిటైరైన హెడ్మాస్టర్ గారికి ఏడాది మొత్తానికీ అదే పండగ. నెల ముందు నుంచే అద్దం ముందు ప్రాక్టీసు.

కొన్నేళ్ళ కిందట నాన్నకి చేతులు వణకడం మొదలైంది. పార్కిన్సన్స్. బయట ఎవరికీ చెప్పొద్దని మా అందరి దగ్గరా మాట తీసుకున్నాడు. బింకం మరి.

ఒక ఆదివారం ఆయన వాక్యం చదువుతుంటే మైకు తల మెల్లగా కిందకి వాలిపోయింది. మైకు హోల్డర్‌ని స్టాండుకి బిగించే కనెక్టర్ మరలు ఎప్పుడో అరిగిపోయాయి. దానికి నల్ల టేపు చుట్టి, టేపు మీద టేపు చుట్టి లాక్కొస్తున్నారు. నాన్న మైకుతో పాటు వంగాడు. అది ఇంకా వాలింది. ఇక లాభం లేదని మైకు తీసి చేత్తో పట్టుకున్నాడు.

చెయ్యి వణికింది. మైకు గడ్డానికి కొట్టుకుంది. టక్... టక్... టక్...

ఆ చప్పుడు స్పీకర్లలో చర్చి అంతా వినపడింది. పిల్లలు నవ్వారు. వాళ్ళకేం తెలుసు పాపం.

ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా అన్నాడు, "ఈసారి గుడ్ ఫ్రైడేకి నా పేరు వద్దని పాస్టర్ గారితో చెప్పండి."

నాకు ఒళ్ళు మండిపోయి బాబాయ్‌కి ఫోన్ చేసి దులిపేశాను. "ఆ దిక్కుమాలిన స్టాండు సంగతి చూడవేం బాబాయ్? మా నాన్న మాట్లాడనంటున్నాడు!"

అన్నీ విన్నాడు. "సర్లేవే. అన్నయ్య పేరు తీయించబాక" అని పెట్టేశాడు.

గుడ్ ఫ్రైడే పొద్దున నేను ఊరెళ్ళేసరికి చర్చి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ స్టాండ్లన్నీ పడుకోబెట్టి. బెజవాడ వెళ్ళి కొత్త కనెక్టర్లు తెచ్చి, ఒక్కోదాని పాత టేపు చాకుతో గీకి, తుడిచి, బిగిస్తున్నాడు. క్వైర్ స్టాండ్లు కూడా.

"పాడైంది ఒక్కటేగా బాబాయ్, అన్నీ ఎందుకు?"

తలెత్తలేదు. "ఒక్కటే మారిస్తే అది మీ నాన్న స్టాండంటారే. అన్నీ మారిస్తే చర్చి స్టాండ్లు."



అంతటితో ఆగాడా! ఆరాధన మొదలవగానే మైకులో చెప్పాడు, "ఇవాళ హ్యాండ్ మైకులు లేవండీ, రిపేరు. అందరూ స్టాండు దగ్గరే మాట్లాడాలండీ. కొత్త బిగింపులు, ఎవరూ మైకు తియ్యొద్దండీ."

హ్యాండ్ మైకులు శుభ్రంగా టవల్లో చుట్టి ఆయన స్కూటర్ డిక్కీలో ఉన్నాయి. నా కళ్ళతో చూశాను.

మా పాస్టర్ గారికి చేతిలో మైకుంటే కాలు ఒకచోట నిలవదు. ఆ రోజు రాటకి కట్టేసిన దూడలా ఆ స్టాండు దగ్గరే నిలబడి అవస్థ పడ్డారు. సారీ పాస్టర్ గారూ, ఇప్పుడు మీకూ తెలిసిపోయింది.

ఐదో మాటకి నాన్న లేచాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. మైకు కదల్లేదు. ఆయన గొంతూ వణకలేదు. చివరి బల్ల మీద కూర్చుని నేను ఏడుస్తూనే ఉన్నాను.

బయటికొచ్చాక అడిగాను, "గుడ్ ఫ్రైడే రోజు చర్చిలో అబద్ధమా బాబాయ్?"

"ప్రభువుకి ముందే చెప్పుకున్నాలేవే. నువ్వు మాత్రం ఎవరికీ చెప్పబాక."

ఆ తర్వాత ప్రతి గుడ్ ఫ్రైడేకీ మా హ్యాండ్ మైకులకి రిపేరు వచ్చేది. నాన్న ఏనాడూ ఏమీ అడగలేదు. ఆరాధన అయ్యాక ఇద్దరూ అరుగు మీద కూర్చుని టీ తాగేవాళ్ళు. అంతే.

బాబాయ్, మా నాన్నకి ఇన్నేళ్ళు ఆ ఐదో మాట మిగిల్చావు. నీకు థాంక్స్ చెబితే తిడతావని ఒక్కసారీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను, తిట్టుకో.

ఇవాళ సాయంత్రం భూస్థాపన. అక్కడ బాబాయ్ గురించి సాక్ష్యం నాన్నే చెప్తాడట. "స్టాండు పెట్టించనా నాన్నా?" అని అడిగాను.

తల అడ్డంగా ఊపాడు.

"వద్దు. చేత్తోనే పట్టుకుంటాను. వాడి కోసం వణికితే సిగ్గేంటే? అందరూ చూడనీ."

వెళ్ళిరా బాబాయ్. కరుణ పిన్నిని మేం చూసుకుంటాం. నీ ప్రభువు ఒడిలో హాయిగా, నిశ్చింతగా నిద్రపో.