గొర్రెలకు తెరవని గేటు

ఈ సాయంత్రం ఉదయగిరి నుంచి దుత్తలూరు పోతుంటే నడి దోవలో ఉరుములు మెరుపులతో వాన పట్టుకునింది. బండి ఆపి, రోడ్డు పక్కనున్న కల్యాణ మండపం వరండాలోకి పరిగెత్తినాను. ఎదురుగా వేపచెట్టు కింద మాలకొండయ్య అనే ముసలాయన గొర్రెల మందతో నిలబడి ఉన్నాడు.

"పెద్దాయనా, పిడుగు పడతాది. చెట్టు కింద ఉండొద్దు, ఇట్లా వచ్చెయ్" అని అరిచినాను.

పాపం, మందను తోలుకోని గేటు దాకా వచ్చినాడు. మండపం ఓనరు అడ్డం నిలబడినాడు.

"నువ్వు రా. గొర్రెలొద్దు. రేపు పెళ్లుండాది, ఇప్పుడే బండలు కడిగించినా."

"వాన తగ్గినాక నేను కడుగుతాలేన్నా, రానీ" అని ముసలాయన బతిమాలినాడు.

"ఇది మండపమా, గొర్రెల దొడ్డా?"

నేను మాలకొండయ్యను చెయ్యి పట్టుకోని లోపలికి లాగినాను. ఆయన వెనకాలే ఓనరు గేటు మూసేసినాడు. గొర్రెలు తిరిగి చెట్టు కిందికే పోయినాయి.

కాసేపటికి కళ్లు బైర్లు కమ్మే మెరుపు, చెవులు పగిలే చప్పుడు. చూస్తే సగం మంద నేల మీద పడి ఉండాది.

ఓనరు ముసలాయన భుజం తట్టినాడు. "చూసినావా? నేను లోపలికి రానిచ్చినా కాబట్టి బతికినావు."

"ఇంక దేన్ని మేపుకుంటా బతకాల నాయనా?" అన్నాడాయన. గేటు తానే తీసుకోని, ఆ వానలోనే పోయి, పడిపోయిన గొర్రెల తలలు ఒక్కొక్కటే ఎత్తి చూసుకున్నాడు.

పిడుగులప్పుడు చెట్ల కింద నిలబడొద్దని ప్రభుత్వమోళ్లు ఫోన్లకు మెసేజీలు పంపిస్తా ఉన్నారు. మంచిదే. ఎవరి గేటు ముందర నిలబడాలో కూడా రాయమని చెప్పండి. మీ ఊర్లో అయితే తీసేవాళ్లా?